రోడ్డువారన మంచం

హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం పర్మనెంటు అయినప్పటి నుంచి, మత్తూరు పక్క పల్లెలో ఒంటరిగా ఉన్న అమ్మను నా దగ్గరికి వచ్చి ఉండమని బతిమాలుతూనే ఉన్నాను. చివరికి ఒప్పుకుంది, కానీ ఒక మెలిక పెట్టింది.

"వస్తానప్పా. ఆడ నన్ను పలకరించేవాళ్లు లేకుంటే, సామాన్లు తెచ్చిన లారీలోనే తిరిగి పోతాను."

అన్నంత పనీ చేసే మనిషి. నాకు లోపల గుబులుగానే ఉంది.

ఆ గురువారం పొద్దున్నే బస్సులో వచ్చి, కొత్తగా తీసుకున్న అద్దె ఇంట్లో పాలు పొంగించాం. మూడు దాటాక రమ్మన్న లారీ ఒకటిన్నరకే వచ్చి గేటు ముందు ఆగింది. సరిగ్గా రాహుకాలం మొదలు. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"మూడయ్యేదాకా చీపురుపుల్ల కూడా లోపలికి పోకూడదు."

కూలీలు నా వైపు చూశారు. నేను అమ్మ వైపు చూశాను. వాళ్లకు బర్గూరులో ఇంకో లోడు ఉందట. "అంతసేపు ఆగలేమన్నా" అంటూ బీరువా, బిందెలు, రుబ్బురోలు, నులక మంచం అన్నీ రోడ్డువారన దించేసి వెళ్లిపోయారు. నేను తల పట్టుకున్నాను. అమ్మ నింపాదిగా మంచం వాల్చుకుని కాపలా కూర్చుంది.

నీళ్ల బిందెతో పోతున్న ఎదురింటామె ఆగింది. మంచం పట్టె నొక్కి చూసి అడిగింది.

"ఎంతకిస్తారమ్మా ఇది?"

సిగ్గుతో నాకు చచ్చినంత పనయింది. అమ్మకు నవ్వు ఆగలేదు.

"అమ్మేదానికి కాదమ్మా. రాహుకాలం పోయేదాకా ఇదే మా ఇల్లు. కూకో."

ఆమె కూర్చుంది. ఆమెను చూసి ఇంకొందరు వచ్చారు. ఒకామె తమిళం, ఒకామె కన్నడం. అమ్మ అందరికీ తెలుగులోనే జవాబు చెప్పింది, భాష ఎవరికీ అడ్డం రాలేదు. మూడు కాగానే అందరూ కొంగులు దోపి తలా ఒక సామాను అందుకున్నారు. బీరువా మాత్రం నా నెత్తిన, ఇళ్లలో ఉన్న వాళ్ల మొగుళ్ల నెత్తిన పడింది.

చివరికి మంచం మిగిలింది. ఎత్తబోతే అమ్మ వద్దంది.

"ఉండనీప్పా. రేపు వాళ్లొస్తే యాడ కూకుంటారు?"

లారీ మాట ఇక ఎత్తలేదు. ఆ రోజంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మంచం ఇంటి ముందే ఉంది, సాయంత్రమైతే ఖాళీగా ఉన్నది లేదు. ఆమె కాలం చేసిన మరుసటి ఏడు నేను సొంతింటికి మారాను. కూలీలు మంచం ఎత్తగానే ఎదురింటామె గబగబా వచ్చి పట్టె పట్టుకుంది.

"ఇప్పుడైనా ఇస్తావాప్పా?" అని నవ్వబోయింది.

"అమ్మేదానికి కాదక్కా," అన్నాను.

మంచం తీసుకుపోయి వాళ్ల గుమ్మం ముందు నేనే వాల్చాను. ఆమె కూర్చుంది, అమ్మ ఎప్పుడూ కూర్చునే తలవైపు ఖాళీ వదిలి.