ఉపవాసమేనా అని అడిగాను

మా చర్చిలో ఆంటీలు నన్ను మత్తు డాక్టరమ్మ అంటారు. డాక్టర్ని కాదు మొర్రో అంటే వినరు. నేను మత్తు డాక్టరు పక్కన ఉండే టెక్నీషియన్ని. మిషను సరిచూస్తాను, మందులు సిరంజీల్లోకి తీసి పేర్లు అంటిస్తాను, గొంతులో వేసే గొట్టం సిద్ధం చేస్తాను. ఆయన చెయ్యి చాపేసరికి అది ఆ చేతిలో ఉండాలి. మందు ఎక్కించేదీ, ఎంత ఎక్కించాలో చెప్పేదీ ఆయనే. రోగి లేచేదాకా నేను అక్కడే ఉంటాను, లేచాక నా మొహం ఎవరికీ గుర్తుండదు. పేరు లేకపోతే మాట పడే పని కూడా లేదులే అని సరిపెట్టుకునేదాన్ని.

ఒంగోలు వైపు నుంచి వచ్చి ఢిల్లీలో ఈ చదువు చదివాను. లక్ష్మీ నగర్‌లో ఒక గదిలో నలుగురం, కిటికీ తెరిస్తే అవతలి ఇంటి గోడ. మొదటి రోజే మా మాస్టారు, "పహలే సక్షన్, బాకీ సబ్ బాద్ మే" అన్నారు, ముందు సక్షన్, మిగతావన్నీ తర్వాత అని. నోట్లోకి వచ్చిందాన్ని లాగేసే గొట్టం సక్షన్. మత్తులో ఉన్న మనిషికి మింగడం రాదు, దగ్గడం రాదు. పొట్టలోది పైకొస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే ఖాళీ పొట్టతో రమ్మంటారు. చదివినన్నేళ్ళూ ఇదే ముక్క రకరకాలుగా బట్టీ పట్టాను. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు, ఏం లాభం.

ఇప్పుడు నోయిడాలో ఒక ఆసుపత్రిలో చేస్తున్నాను. ఆ రోజు శనివారం. పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికి ఒక పెద్దావిడ వచ్చారు. కూతురు ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మనవరాలిని చూసుకోవడానికి భీమవరం నుంచి వచ్చి ఈవిడ రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారట. హిందీ ముక్క రాదు. వార్డులో ఏమీ తినలేదు కదా అని హిందీలో అడిగితే తలూపారు, వాళ్ళు ఖాళీ పొట్ట అని రాసుకున్నారు. బల్ల మీద పడుకోబెట్టాక మరోసారి అడగడం మా రివాజు. డాక్టరు గారు నా వైపు తిరిగి, "తుమ్హారీ భాషా హై. పూఛో, ఫాస్టింగ్ హై నా?" అన్నారు. మీ భాషే కదా, ఖాళీ పొట్టేనా అడుగు అని.

తెలుగువాళ్ళు కనపడితే నాకు ఒళ్ళు తెలియదు. వంగి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఉపవాసమేనా?"

ఆవిడ మొహం విప్పారింది. "తెలుగమ్మాయివా తల్లీ? ఉపవాసమేనమ్మా. ఈ రోజు శనివారం కదా, ముద్ద ముట్టలేదు."

"ఫాస్టింగ్ హై సర్" అన్నాను, పెద్ద ఘనకార్యం చేసినట్టు.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగారావిడ. చెప్పేలోపే మత్తు మందెక్కి కళ్ళు మూతలు పడ్డాయి.

డాక్టరు గారు గొట్టం కోసం చెయ్యి చాపారు. నేను అందించాను. అంతలో ఆవిడ పొట్ట ఒకసారి ఎగిసింది, నోరు నిండిపోయింది. సక్షన్ నా చేతిలోనే ఉంది. పెట్టాను. డాక్టరు గారు లాక్కుని తనే పెట్టారు, తల పక్కకి తిప్పారు, బల్ల తల వైపు దించమన్నారు, దించాను. అద్దంలాంటి సక్షన్ గొట్టంలో గోధుమ రవ్వ, కరివేపాకు, ఆవాలు వెళ్తున్నాయి. ఉప్మా. నేను ఆ ఆవగింజలు చూస్తూ నిలబడ్డాను. ఏది అడిగితే అది అందించాను. అంతకు మించి నా చేతుల్లో ఏమీ లేదు. దేవుడా, ఏమన్నా చెయ్యి, నావల్ల కావడం లేదు అనుకున్నాను.

మా ఇంట్లో ఉపవాసం అంటే శుక్రవారం ఉపవాస ప్రార్థన. అయ్యేదాకా గుటకెడు నీళ్ళు కూడా దిగకూడదు. చిన్నప్పుడు చాటుగా బిస్కెట్ తిని అమ్మ చేత వీపు విమానం మోత మోగించుకున్నదాన్ని. ఆవిడకేమో శనివారం వెంకన్నకి ఉపవాసం. అంటే అన్నం మానేయడం, అంతే. టిఫిన్ తినొచ్చు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేనూ తప్పు మాట అడగలేదు. ఒక్క మాటని ఇద్దరం చెరో ఇంట్లో నేర్చుకున్నాం. "పొద్దుట్నించీ నోట్లో ఏం వేసుకున్నారు?" అని అడిగితే సరిపోయేది. ఎంత చిన్న ప్రశ్న!

ఆపరేషన్ ఆపేశారు. ఆవిడని ఐసీయూకి పంపి వెంటిలేటర్ పెట్టారు. ఆ సాయంత్రమే నేను డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను, తప్పు నాదని రాయమన్నాను. ఆయన మంచాయనే. కళ్ళజోడు తీసి మొహం తుడుచుకుని, జరిగింది రాసే ఫారం నా ముందు పెట్టారు. సర్జన్ పేరుకో గీత, ఆయన పేరుకో గీత, నర్సు పేరుకో గీత. "ఇందులో నువ్వెక్కడున్నావు? కహాఁ లిఖూఁ?" అన్నారు, ఎక్కడని రాయను అని. సంతకం నాది, మోయాల్సింది నేనే, నువ్వు ఇంటికి వెళ్ళు అన్నారు. వెళ్ళాను.

డ్యూటీ అయ్యాక రోజూ ఐసీయూ అద్దం దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆక్సిజన్ అంకె రోజురోజుకీ కిందికే దిగింది. నాకు ఆ అంకెలు చదవడం బాగా వచ్చు, అదే నా ఖర్మ. బయట బెంచీ మీద కూర్చున్న కూతురు వాటిని చదవలేక నన్ను చూసేది. "పర్లేదాండీ?" అనేది. డాక్టర్లు చూస్తున్నారు అనేదాన్ని. గురువారం పొద్దున ఆవిడ పోయారు.

కాగితాలు తీసుకోవడానికి వచ్చిన కూతురు లిఫ్ట్ దగ్గర నన్ను ఆపింది. చేతిలో తల్లి చెప్పులున్న కవరు.

"మీరేగా లోపల మా అమ్మతో తెలుగులో మాట్లాడింది? డాక్టరు గారు చెప్పారు. భయపడుతూ వెళ్ళింది. మీరుండబట్టి చివరికి ఒక తెలుగు మాటన్నా విన్నది. థాంక్స్ అండీ" అని దండం పెట్టింది.

ఆ దండం నేను భరించలేకపోయాను. "నాకు దండం పెట్టకండి. ఏమన్నా తిన్నారా అని నేను అడగలేదు. ఉపవాసమేనా అని అడిగాను. అవునన్నారు. నేను నమ్మాను" అన్నాను.

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లిఫ్ట్ వచ్చింది, ఎవరో దిగారు, మళ్ళీ మూసుకుంది. ఆమె కవరు గుండెలకి పట్టుకుంది.

"ఆ పొద్దున కారెక్కేటప్పుడు నేనూ ఉపవాసమేనా అనే అడిగానండీ" అంది. "శనివారాలు ఉప్మా తింటుందని నాకు ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు. అయినా అదే అడిగాను."