ఎంతసేపు ఆగావని అడిగాను

పరిశోధన కోసం యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో నాకు దొరికిన మొదటి మనిషి ఆమె. నాకంటే సీనియర్. గుంటూరు వైపు నుంచి వచ్చి చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. నేను అల్మాస్‌గూడలో మా ఇంటినుంచి వెళ్ళేదాన్ని. ఇద్దరికీ గైడ్ ఒకరే, పని కూడా ఒకే రకం క్రిస్టల్ మీద. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆదివారాలు హాస్టల్ కూర నచ్చక మా ఇంటికి వచ్చేది. మా అమ్మ ఆమె కంచంలో ఇంకో గరిటె వేస్తూ, "గింతేనా తినుడు? సదువుకునే పిల్లవు, జర గట్టిగ తిను" అనేది.

మావి ఫెర్రోఎలక్ట్రిక్ క్రిస్టల్స్. మామూలు వేడిలో వాటి లోపలి విద్యుదావేశాలు తమంతట తామే ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. వేడి చేస్తూ పోతే ఒక ఉష్ణోగ్రత దగ్గర ఆ ఒరుగు పోతుంది. ఆ హద్దుకు దగ్గరయ్యేకొద్దీ చాలా చిన్న వోల్టేజీకి కూడా క్రిస్టల్ విపరీతంగా స్పందిస్తుంది. గ్రాఫులో ఆ స్పందన శిఖరంలా లేస్తుంది. అది ఎలా లేస్తుందో కొలవడమే నా పని.

కష్టమంతా ఆ హద్దు దగ్గరే ఉంది. అక్కడ క్రిస్టల్ మందగిస్తుంది. వేడిని పిసరంత మార్చినా లోపల అంతా సర్దుకోవడానికి గంటకు పైగా పట్టేది. తొందరపడితే వేడి చేసేటప్పుడు శిఖరం ఒకచోట, చల్లార్చేటప్పుడు ఇంకోచోట కనిపిస్తుంది. ఓపిక పడితే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. ఈ సంగతి నాకు నేర్పింది మా గైడ్ సారే. "దానితో పోటీ పడకమ్మా, అది చెప్పేదాకా కూర్చో" అనేవారు. నేను కూర్చున్నాను. ఆ ఎండాకాలమంతా అలాగే గడిచింది. చివరికి రెండు గీతలూ కలిసినప్పుడు ముందుగా అక్కకే చూపించాను. ఆమె నా భుజం మీద చెయ్యేసి చాలాసేపు కంప్యూటర్ తెర వంక చూసింది.

ఆమెకు గీతలు కలిసేవి కావు. ఫెలోషిప్ గడువు ముగుస్తోంది, ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు క్యాంటీన్లో, "నీ రీడింగ్స్ ఒకసారి పంపవే, నావి ఎక్కడ తప్పుతున్నాయో పోల్చి చూసుకుంటాను" అంది. టీ తాగుతూనే ఫోన్లోంచి పంపించాను.

కొన్ని వారాల తర్వాత డిపార్ట్‌మెంట్‌లో ఆమె సెమినార్. తెర మీద రెండు గీతలూ కలిసిన నా శిఖరం కనిపించింది. కొలిచేటప్పుడు ఒకసారి కరెంటు పోయి వచ్చాక నేను మళ్ళీ తీసిన రీడింగ్‌లు శిఖరానికి ఎడమవైపు గుంపుగా పడ్డాయి. ఆ గుంపు అలాగే ఉంది. కింద ఆమె పేరు, సారు పేరు ఉన్నాయి. నా పేరు వచ్చే పేజీలో ఉంటుందేమోనని చివరిదాకా చూశాను. లేదు.

ప్రశ్నలు అడగమన్నప్పుడు లేచాను.

"శిఖరం దగ్గర ఒక్కో రీడింగ్‌కూ ఎంతసేపు ఆగారు?"

ఆమె నా వైపు చూడకుండా, "పది నిమిషాలు" అంది.

పది నిమిషాలే ఆగితే ఆ రెండు గీతలూ కలవవు. ఆ గదిలో ఈ విషయం సారుకు నాకంటే బాగా తెలుసు. ఆయన వైపు చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "సరే, టైమవుతోంది, ఇంకెవరైనా?" అన్నారు.

వరండాలో ఆమెను ఆపాను. "గా కర్వ్ నాది కదా అక్కా. గిట్ల ఎట్ల చేస్తివి?"

"సార్‌కి చెప్పే పెట్టానే. ఆయనే పెట్టుకోమన్నారు. నన్నంటే నేనేం చేయను?"

అంతదాకా మోసం చేసింది ఒక్కరే అనుకున్నాను. మెట్లు దిగి సారు గదికి వెళ్ళాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఆ అమ్మాయికి గడువు అయిపోతోందమ్మా. నీకింకా టైముంది. క్రిస్టల్ నీ దగ్గరే ఉంది కదా, మళ్ళీ కొలుచుకో."

"మళ్ళ కొలిస్తే, ఆమె చేసిన పనిని నేను చూసి చేసిన అంటరు కద సార్."

"సైన్సులో నాది, నీది అనుకోకూడదు" అని ఆయన ఫోన్ తీసుకున్నారు.

ఆ ఆదివారం అమ్మ, "మీ అక్క రాలేదేంది?" అని అడిగింది. "ఇగ రాదమ్మా" అన్నాను. అమ్మ వండిన కూర పక్కింటికి పంపింది.

గైడ్‌ను మార్చుకోవడానికి ఏడాది పోయింది. డిపార్ట్‌మెంట్‌లో చాలామందికి నా మీద జాలే గాని, మాట సాయం చేసినవాళ్ళు లేరు. కొత్త మేడమ్ దగ్గర శిఖరాన్ని వదిలేసి, హద్దుకు దగ్గరయ్యేకొద్దీ క్రిస్టల్ సర్దుకునే సమయం ఎలా పెరుగుతుందో కొలిచాను. దానిమీదే నాకు డాక్టరేట్ వచ్చింది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను.

పోయిన ఎండాకాలం ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సులు ఆగేచోట ఆమె ఎదురైంది. ఒళ్ళు చేసింది. పక్కన పెద్ద సూట్‌కేసు ఉంది.

"ఎన్నాళ్ళకే! మీ అమ్మగారు బాగున్నారా? ఆవిడ చేతి పచ్చిపులుసు ఇప్పటికీ తలుచుకుంటాను."

"బాగనే ఉన్నది" అన్నాను.

ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. ఆమె పిల్లల చదువుల గురించి, ఎండల గురించి మాట్లాడింది. అంతలో బస్సు వచ్చింది. సూట్‌కేసు బరువుగా ఉండి ఆమె మెట్టు మీద తడబడితే నా చెయ్యి దానంతటదే వెళ్ళి పట్టుకుంది. లోపలికి ఎక్కించాను. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది.

ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ ఆ సూట్‌కేసు ఎందుకు పట్టుకున్నానా అని నా మీద నాకే మంటగా ఉంది.