తెరిచి ఉందని చూపిన దవాఖానా

తమలేలో విమానం దిగేసరికి ఉదయం ఏడు నలభై. జనవరి. ఉత్తర ఘనాలో ఆ నెలంతా ఎడారి వైపు నుంచి పొడిగాలి వీస్తుంది. సూర్యుడు దుమ్ము వెనక మసగ్గా ఉన్నాడు. పెదవులు మొదటిరోజే పగిలాయి.

పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను. తర్వాత మాదాపూర్‌లో ఒక చిన్న యాప్ కంపెనీలో సెక్యూరిటీ ఉద్యోగం. ఘనా వెళ్లే ప్రయాణికుల కోసం వాళ్లొక యాప్ తయారుచేసి జనంలోకి వదిలారు. దారులు, బసలు, దవాఖానాలు అన్నీ అందులో ఉంటాయి. అవి నిజంగా ఉన్నాయో లేవో చూసి రమ్మని టెస్టింగ్ చేసే శ్రావణినీ, తోడుగా నన్నూ మూడు వారాలకు పంపారు. శ్రావణిది కాకినాడ. మా డ్రైవర్ అల్హసన్ అక్కడివాడే.

సామాను: రెండు ఫోన్లు, నలభై లీటర్ల నీళ్లు, మందుల పెట్టె, ఒక కాగితం మ్యాప్. మ్యాప్ చూసి శ్రావణి నవ్వింది. రెండో రోజు ఊరు దాటగానే సిగ్నల్ పోయింది. మళ్లీ నవ్వలేదు.

నాలుగో రోజు, పదకొండు ఇరవై. తమలేకు ఉత్తరాన యాభై కిలోమీటర్లు. ఎర్రమట్టి దారి పక్కన ఒక దవాఖానా. యాప్‌లో దానికి ఆకుపచ్చ చుక్క. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుందని రాసి ఉంది. తలుపుకు తాళం. తాళానికి తుప్పు. ఏడాదిగా మూతపడే ఉందని అల్హసన్ ఊళ్లో కనుక్కొని చెప్పాడు.

"ఆ చుక్క ఇప్పుడే తీసెయ్ బిడ్డా," అన్నాను.

"నాకు పర్మిషన్ లేదండీ. మేనేజర్ గారే తియ్యాలి."

సిగ్నల్ దొరకగానే ఫొటో పంపాం. "నోటెడ్. నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం," అని జవాబు. రోజూ గుర్తుచేశాం. రోజూ అదే "నోటెడ్".

సైన్యంలో వంతెన కూలిందని వైర్‌లెస్‌లో చెబితే, ఆ గంటలోనే అందరి మ్యాపుల్లో ఎర్రగీత పడుతుంది. ఎవరూ "చూద్దాం" అనరు.

పదిహేనో రోజు అదే దారిన తిరిగొస్తున్నాం. మధ్యాహ్నం రెండుంబావు. ఆ దవాఖానా ముందు ఒక పికప్. తలుపు దగ్గర ఒకతను అరుస్తున్నాడు. తెలుగులో.

"తీయుండ్రి సార్! లోపల ఎవరన్న ఉన్నరా?"

పేరు మల్లేశ్. జనగామ దిక్కు మనిషి. అక్కడ బోర్లు వేసే పనికి వచ్చాడు. పికప్ వెనక పడుకున్నది తమ్ముడు యాదగిరి. మూడు రోజులుగా మలేరియా జ్వరం. పొద్దుటి నుంచి ఫిట్స్.

"తమలే పోదామంటే ముప్పై కిలోమీటర్లు. యాప్‌ల చూస్తే ఇది ఇరవై అని పడ్డది. దగ్గరున్నదని ఇటు తిరిగినం సార్. గంట నుంచి కొడుతున్న. తాళం చూసి డాక్టర్ అన్నానికి పోయిండనుకున్న. ఎప్పుడు తెరిచే ఉంటదని యాప్‌ల ఉన్నది గద."

అతని చేతిలోని ఫోన్‌లో మా యాపే, అదే ఆకుపచ్చ చుక్క.

యాదగిరినీ, మల్లేశ్‌నీ మా బండిలోకి ఎక్కించాం. యాదగిరిని పక్కకు తిప్పి పడుకోబెట్టాను. శ్రావణి అతని పాదాలు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దారంతా గుంతలు. మూడు గంటల ఐదు నిమిషాలకు, తమలే ఇంకా పన్నెండు కిలోమీటర్లుందనగా, ఊపిరి ఆగింది. ఆసుపత్రి గేటు దాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. గంట ముందు తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్లమని డాక్టర్ అంది. మల్లేశ్ అక్కడే నేల మీద కూలబడ్డాడు.

హైదరాబాద్‌లో దిగి ఇంటికి పోలేదు. బ్యాగుతోనే ఆఫీసుకు వెళ్లాను. ఏడో అంతస్తు.

"చాలా బాధగా ఉందండీ. కానీ అది ఎడ్జ్ కేస్," అన్నాడు మేనేజర్. ఎక్కడో ఒకరికి జరిగేదని అర్థమట.

"ఆ ఒకని పేరు యాదగిరి. చుక్క తీయి. నా ముందల తీయి."

"దానికో ప్రాసెస్ ఉంటుందండీ..."

"తీసేదాక ఈడికెంచి కదల."

తీశాడు. నా గడియారంలో నలభై సెకన్లు. నలభై సెకన్ల పనికి, యాదగిరి పోయేలోపు పదకొండు రోజులు ఎవరికీ తీరిక దొరకలేదు. ఐడీ కార్డు అతని కీబోర్డు మీద పడేసి వచ్చేశాను.

కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ వాళ్లు, ఆఫ్రికాలో సింహాలు చూశారా అని అడుగుతారు. నేను చూసింది ఒక తలుపు. నీలిరంగు రేకు తలుపు. దాని మీద మందంగా పేరుకున్న దుమ్ములో, మనిషి భుజమంత ఎత్తున, మల్లేశ్ అరచేతుల ముద్రలు. ఒకదాని మీద ఒకటి.