లెక్కల్లో ముప్పై అయిదు, ఒంట్లో మూడు రోగాలు

పదో తరగతిలో నాకు ఆరువందలకు రెండువందల అరవై ఆరు మార్కులు వచ్చాయి. లెక్కల్లో సరిగ్గా ముప్పై అయిదు. ఆ ముప్పై అయిదు నేను సంపాదించినవి కావని, పేపరు దిద్దినవాళ్ళెవరో జాలిపడి వేసినవని ఇంట్లో అందరి నమ్మకం. నా నమ్మకమూ అదే.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్తగా లేచిన కాలనీలో, ప్లాస్టరింగు కాని గోడల మధ్య ఉండేవాళ్ళం. నాయిన పోచంపల్లి దగ్గరి మా ఊళ్ళో మగ్గం పని మానుకుని వచ్చి, కోఠిలో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాడు. ఆయన దృష్టిలో కాలేజీ అంటే ఎంపీసీ. వేరే గ్రూపులు కూడా ఉంటాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మార్కులు తెచ్చుకుని సలహాలివ్వడానికి మొహం చెల్లలేదు.

మా పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరమ్మ ఉండేది. రిటైరై రెండేళ్ళయినా దిద్దడానికి పేపర్లు లేవన్న లోటు ఆమెకు తీరలేదు. నా మార్కుల మెమో చేతికి రాగానే కళ్ళజోడు పెట్టుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక మూడు గళ్ళు గీసింది. ఒకదాని పైన 'రాదు', రెండోదాని పైన 'రావచ్చు', మూడోదాని పైన 'వస్తుంది' అని రాసి, వాటి కింద కాలేజీల పేర్లు నింపింది.

"రాదని మీరే రాస్తిరి. మళ్ళ పోవుడెందుకు టీచరమ్మా?" అన్నాడు నాయిన.

"వెళ్ళాలి అన్నయ్యగారూ. అడక్కుండా వదిలేస్తే, అడిగుంటే ఇచ్చేవాళ్ళేమోనని పిల్ల పెళ్ళయ్యేదాకా అనుకుంటూనే ఉంటారు."

మూడో గడిలో ఒక్కటే కాలేజీ ఉంది. ఎల్బీ నగర్ దాటాక, ఆ ఏడే మొదలవుతున్నది. "వాళ్ళకి పిల్లలు కావాలి, మీకు సీటు కావాలి. గొడవ లేదు" అంది.

మొదట నారాయణగూడలో పేరున్న కాలేజీకి వెళ్ళాం. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెమోను మార్కులు లోపలికి పోయేలా మడిచి పట్టుకున్నాడు. గుమాస్తా దాన్ని విప్పి, నన్ను చూసి, మళ్ళీ మెమో చూశాడు.

"పరీక్షలప్పుడు పిల్లకు కామెర్లయినయి సార్" అన్నాడు నాయిన.

నేను ఉలిక్కిపడ్డాను. పరీక్షల నెలంతా నేను మామిడికాయ తొక్కుతో రెండు పూటలా కడుపునిండా తిన్న సంగతి ఆయనకు తెలియంది కాదు. గుమాస్తా మాత్రం కామెర్లకు సానుభూతి తెలిపి మెమో వెనక్కిచ్చాడు.

మలక్‌పేటలో నాకు టైఫాయిడ్ వచ్చింది. చాదర్‌ఘాట్‌లో అమ్మవారు పోసింది. అక్కడి మేడం నా ముఖం మీద మచ్చల కోసం కాసేపు వెతికింది. మూడు రోజుల్లో మూడు రోగాలు దాటి ఇంటికి వచ్చాక అమ్మకు కోపమొచ్చింది.

"మంచిగున్న పిల్లకు లేని రోగాలు అంటగడ్తున్నవ్. నీ నోరు ఊకుండదా?"

"మరేం చెప్పాలె? నా బిడ్డకు లెక్కలు రావని చెప్పుకుంట తిరగాల్నా?"

ఆ మాట నవ్వు పుట్టించేలా అన్నాడుగానీ, నాకు నవ్వు రాలేదు. ఫలితాలు వచ్చినప్పటినుంచీ నన్ను ఒక్క మాట అనలేదాయన. తిట్టాల్సినవన్నీ మింగి, రోగాలుగా బయటకు తెస్తున్నాడని అర్థమైంది.

నాలుగో రోజు ఎల్బీ నగర్‌లో బస్సు దిగి, ప్లాట్ల రాళ్ళు పాతిన చేల మధ్య నడిచాం. కాలేజీ సగం కట్టి ఉంది. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచిన ఒకాయన పైపుతో కొత్త గోడను తడుపుతున్నాడు.

"ప్రిన్సిపాల్ సార్ ఎక్కడుంటడన్నా?" అడిగాడు నాయిన.

"నేనే. జర ఆగుండ్రి, గీ గోడ తడిపి ఒస్త."

ఆ స్థలం వాళ్ళ కుటుంబం సాగుచేసుకున్న చేనట. అన్నదమ్ములు ప్లాట్లు చేద్దామంటే, ఎమ్మే చదివిన ఈయన కాలేజీ పెడతానని పట్టుబట్టాడట. చేతులు తుడుచుకుని, ఇటుకల మీద కూర్చుని మెమో తీసుకున్నాడు.

"లెక్కలల్ల గింత తక్కువెందుకొచ్చినయి?"

"పరీక్షలప్పుడు పిల్లకు..." అని మొదలుపెట్టాడు నాయిన.

"నాకేం కాలేదు సార్" అన్నాను. "లెక్కలు అర్థం కాలేదు."

నాయిన తడిగోడ వైపు తిరిగి, దాన్ని చాలా శ్రద్ధగా చూడసాగాడు. ప్రిన్సిపాలు మాత్రం మెమోను పై నుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాడు. అప్పటివరకూ అందరూ మొత్తం మాత్రమే చూశారు.

"సోషల్ల అరవై ఏడున్నయి గదా. సదివినవా, చూసి రాసినవా?"

"చదివిన సార్. ఆ పుస్తకం మంచిగుంటది."

"మరి ఎంపీసీ ఎందుకు అడుగుతున్నరు?" అని నాయినను అడిగాడు.

"మంచిదంటరు గద సార్."

"మంచిదే. గా రూముకు ఇంక కప్పు పడలే. సీఈసీకి పడ్డది. ఒచ్చే వారం క్లాసులు."

నాయిన తలెత్తి ఆకాశం చూశాడు. జూన్ మబ్బులు దట్టంగా ఉన్నాయి. "సీఈసీ అంటే ఏంది సార్?" అన్నాడు. ప్రిన్సిపాలు ఓపిగ్గా సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ అంటే ఏమిటో చెప్పాడు. నాయిన అంతా విని, నా వైపు తిరిగి, "నీకేమనిపిస్తున్నది బిడ్డా?" అన్నాడు. నన్ను ఎవరైనా ఆ మాట అడగడం ఆ వేసవిలో అదే మొదలు. సీఈసీయే కావాలన్నాను.

తిరుగు బస్సు ఎల్బీ నగర్ చౌరస్తా దాటింది.

"ఒక్క మాటతోని నా ఇజ్జత్ తీసినవ్ గద" అన్నాడు నాయిన.

"ఇంకెన్ని రోగాలున్నయి నాయినా నీ దగ్గర?"

పక్క సీటాయన తిరిగి చూసేంతగా నవ్వాడు నాయిన.

మా క్లాసులో పదకొండు మందిమి. పక్క గదికి కప్పు వేయడానికి సెంట్రింగు కొడుతుంటే సివిక్స్ మేడం సుత్తి దెబ్బల సందుల్లో పాఠం చెప్పేది. రెండేళ్ళు అలా చదివి, సెకండ్ క్లాసులో పాసయ్యాను. ఫస్ట్ క్లాసుకు మూడు మార్కులు తగ్గాయి.

నాయిన మరునాడు దుకాణంలో, చుట్టుపక్కల ఇళ్ళలో మైసూరుపాకు పంచాడు. ఎవరడిగినా "ఫస్ట్ క్లాసుకు మూడు తక్కువ" అనేవాడు. అందులో 'ఫస్ట్ క్లాసు' గట్టిగా, తక్కినది మెల్లగా పలికేవాడు. కాలనీలో సగంమంది నాకు ఫస్ట్ క్లాసే వచ్చిందనుకున్నారు. నేనూ ఎవరినీ సరిదిద్దలేదు.