పాడకుండా వదిలేసిన చరణం

మా తమ్ముడు ఒకప్పుడు రాక్ ఆల్బం చేశాడంటే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. రేపల్లెలో వాడిని రోజూ చూసేవాళ్ళకి వాడి భుజాన వేలాడే ఫైళ్ళ సంచి తెలుసు, ఎదురొచ్చిన ప్రతివాళ్ళనీ "బాగున్నారాండీ" అని పలకరించి పక్కకి తప్పుకునే అలవాటు తెలుసు. ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని గొంతు చించుకుని పాడిన మనిషి ఈ క్లర్కుగారేనంటే నవ్వి ఊరుకుంటారు.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. ఎనిమిది పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుని, విజయవాడలో ఒక చిన్న స్టూడియోలో మూడు రోజులు పాడి క్యాసెట్ చేయించాడు. డ్రమ్స్ వాయించినతను తెనాలిలో పెళ్ళిళ్ళ బ్యాండులో పనిచేసేవాడు. ఆల్బం పేరు 'రేపల్లె బండి'. అట్ట మీద బొమ్మ కూడా లేదు, నల్ల రంగు మీద తెల్ల అక్షరాలు, అంతే. అది ఎక్కడా నడవలేదు. భక్తి పాటల షాపువాళ్ళు ఇది మాది కాదన్నారు, సినిమా పాటల షాపువాళ్ళు హీరో ఎవరని అడిగారు.

మా వాడి పాటల్ని ఎవరూ పట్టించుకోలేదని ఇన్నేళ్ళూ కనపడిన వాళ్ళందరి దగ్గరా తిట్టిపోశాను. ఈ ఊళ్ళవాళ్ళకి చెవులు లేవండీ అనేదాన్ని. ఆ మాట అనడానికి నాకున్న అర్హత ఏపాటిదో మొన్నీమధ్యే తెలిసొచ్చింది. అది చెప్పాలంటే ముందు మా చర్చి సంగతి చెప్పాలి.

రేపల్లెలో మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు బల్లల మీద, ఆడవాళ్ళు ఎడమవైపు బల్లల మీద కూర్చునేవారు. పాట మొదటి చరణం మగవాళ్ళు పాడతారు. రెండో చరణం ఆడవాళ్ళది. మగవాళ్ళు ఆపగానే వాయిద్యాలు మోగుతుండగా ఆడవాళ్ళంతా లేచి నిలబడి ఊపిరి పీల్చుకుని అందుకోవాలి. మూడోది అందరూ కలిసి. ఎవరో ఒకరు ముందు ఎత్తుకుంటే తప్ప ఆడవాళ్ళ వైపు గొంతులు లేవవు. ఎత్తుకునేది నేను. ఎడమవైపు, కిటికీ పక్క బల్ల నాది. గొప్ప చెప్పుకోవడం కాదు గాని, అప్పట్లో నా గొంతు అలాంటిది.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, క్రిస్మస్‌కి నెల ముందు, క్వయర్ ప్రాక్టీసులో, మాకు పాటలు నేర్పే సంఘ పెద్దాయన ఒక మాటన్నాడు. "ఈసారికి అయ్యగారి మరదలు ఎత్తుకుంటుందిలేమ్మా. నువ్వు వెనకనించి అందుకో." అయ్యగారంటే మా పాస్టరుగారు. ఆ అమ్మాయి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాటల పుస్తకం టక్కున మూసి బల్ల మీద పడేశాను.

"ముందూ ఆవిణ్ణే పాడుకోనివ్వండి, వెనకా ఆవిణ్ణే పాడుకోనివ్వండి. ఇక నా నోట పాట వింటే అడగండి!"

అని బయటికొచ్చేశాను. తమ్ముడు నాకన్నా ఆరేళ్ళు చిన్న. అక్కడే గిటారు వాయిస్తున్నవాడు దాన్ని అలాగే పట్టుకుని నా వెనక పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, రా అక్కా. నువ్వు లేకపోతే రెండో చరణం చప్పగా ఉంటది."

"పోరా! నీ పాట నువ్వు పాడుకో," అన్నాను.

మాటంటే మాటే. మరుసటి ఏడు పెళ్ళై బాపట్ల వచ్చాను, హైస్కూల్లో తెలుగు టీచరునయ్యాను. ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళాను, పుస్తకం తెరిచి పట్టుకున్నాను, నోరు మాత్రం తెరవలేదు. పక్కనున్నవాళ్ళు నాకు గొంతు బాగోలేదనుకునేవారు. అనుకోనీ అనుకునేదాన్ని.

పదకొండేళ్ళ తర్వాత తమ్ముడు ఆ క్యాసెట్ పట్టుకుని బాపట్ల వచ్చాడు. ప్లాస్టిక్ సీలు మీద చిన్న కాగితం అంటించి 'అక్కకి, మొదటి కాపీ' అని రాశాడు. నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. "అక్కడ పెట్టరా, తీరిగ్గా వింటా," అన్నాను. వాడు కాఫీ తాగి, కాసేపు ఆ క్యాసెట్ వైపూ నా వైపూ చూసి, బండి టైమైందని వెళ్ళిపోయాడు. నేను దాన్ని బీరువాలో చీరల కింద పెట్టాను.

వారానికి ఫోన్ చేశాడు. "విన్నావా అక్కా?"

"విన్నాన్రా. బాగుంది."

"చివరిది?"

"చివరిదీ బాగుంది."

"ఇంకేం లేదా?"

"ఇంకేముంటుందిరా?"

తర్వాత పిల్లలెలా ఉన్నారని అడిగి పెట్టేశాడు.

ఎందుకు వినలేదని అడిగితే, ఆ గిటార్ల మోత నాకు తలనొప్పి అని చెప్పేదాన్నేమో. అది కాదు. అసూయ. నేను నోరు మూసుకు కూర్చున్న పదకొండేళ్ళూ వాడు పాడుతూనే ఉన్నాడు. నేను పాడుకోమన్న పాటే పాడుకుంటే నాకు కడుపు మండింది. సొంత తమ్ముడి మీద అసూయేంటని ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు.

నెల తర్వాత పని మీద తెనాలి వెళ్ళి, వాడి క్యాసెట్లు పెట్టుకున్న ఒకే ఒక్క షాపులోకి తొంగిచూశాను. ఫలానావాడి అక్కనని చెప్పగానే షాపతను అట్టపెట్టె ఒకటి ముందుకు తోశాడు. "మేడంగారూ, ఏమనుకోకండి. కొన్నవాళ్ళు తెచ్చి తిరిగిచ్చేస్తున్నారండి. చివరి పాటలో ఒక చరణం పడలేదండి. వాయిద్యాలు మోగుతున్నాయి గాని గొంతు లేదు. రికార్డింగు తప్పండి. ఇవన్నీ తీసుకెళ్ళిపోండి."

నేను అక్కణ్ణించి ఇంటికి పోలేదు. ఆ పెట్టె పట్టుకుని రేపల్లె బండెక్కాను. గుమ్మంలోనే వాణ్ణి నిలదీశాను. "ఏంట్రా, చరణం పాడటమే మర్చిపోయావట! తెనాలంతా నవ్వుతోంది. అంత చేసినవాడివి ఆ మాత్రం చూసుకోవద్దూ?"

వాడు నన్ను తేరిపార చూశాడు. ఎంతసేపో. తర్వాత నవ్వాడు. "అవునక్కా. మర్చిపోయాను."

మళ్ళీసారి వెళ్ళినప్పుడు గిటారు అటకెక్కి ఉంది. పోన్లే, బుద్ధొచ్చింది, ఇక ఉద్యోగం చూసుకుంటాడు అనుకున్నాను. అనుకుని సంతోషించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పోయిన నెలలో వాడి కూతురు ఫోన్ చేసింది. చీరాలలో ఉద్యోగం చేస్తోంది. "అత్తా, నాన్న క్యాసెట్ నీ దగ్గరుందా? మా ఇంట్లోవి వానకి తడిసి పాడైపోయాయి. ఫోన్‌లోకి ఎక్కిద్దామని." ఉందన్నాను. ఆదివారం మధ్యాహ్నం పాత టేప్‌రికార్డర్ ఒకటి చంకన పెట్టుకుని దిగింది. తెనాలిలో ఎవరో రిపేర్లు చేసేవాళ్ళ దగ్గర సంపాదించిందట. బీరువాలోంచి క్యాసెట్ తీసి ఇచ్చాను.

"అత్తా! సీలే తీయలేదేంటి?"

"అది... నేను విన్నది ఇంకోటిలే," అన్నాను. అరవై ఒక్క ఏళ్ళ వయసులో, అంత చిన్నపిల్ల ముందు, ఇంకో అబద్ధం. ఆ పిల్ల సీలు మీదున్న కాగితం చదివింది. క్యాసెట్ నా చేతిలో పెట్టి, "నువ్వే తియ్యి అత్తా," అంది.

తీశాను. విన్నాం.

మొదటి పాట రేపల్లె బండి మీదే. డ్రమ్స్ పట్టాల చప్పుడులా నెమ్మదిగా మొదలవుతాయి, గిటారు వేగం అందుకుంటుంది, వాడి గొంతు పైకి లేస్తుంది, సరిగ్గా ఊపు మీదుండగా అన్నీ ఆగిపోతాయి. వేమూరు ముందు పొలాల మధ్య ఎందుకో తెలియకుండా బండి ఆగిపోతుందే, అలాగ. ఎవరిదో దగ్గు వినిపిస్తుంది. తర్వాత మళ్ళీ కదులుతుంది. నేను పకపకా నవ్వాను. ఇంకో పాట మొత్తం ఆఫీసులో స్టాంపు గుద్దే చప్పుడు మీద నడుస్తుంది. పక్కవాళ్ళ ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ల మీద స్టాంపులు గుద్దుతూ తను మాత్రం అదే కుర్చీలో ఉండిపోయిన మనిషి పాట. వాడరేవులో చేపల వేలం కేకలతో కట్టిన పాట ఒకటి ఉంది. దానికి ఈ వయసులో కూడా నా కాలు ఆడింది. ముప్పై ఏళ్ళు ఎర్ర పెన్ను పట్టిన దాన్ని కదా, దిద్దాల్సిన మాటల కోసం కూడా చూశాను. దొరికాయి, లేకపోలేదు. కానీ ఇంత మంచి పాటలు చీరల కింద పెట్టానే అని లోపల పీకుతూనే ఉంది.

చివరి పాట నెమ్మదైనది. వాడు గొంతు చించుకోలేదు, మామూలుగా మాట్లాడినట్టు పాడాడు.

ఎడమపక్క కిటికీ బల్ల
ఎవరికీ ఇవ్వలేదు
పుస్తకం తెరిచే ఉంది
పేజీ తిప్పలేదు

ఆగాడు. డ్రమ్స్ మోగుతున్నాయి. గిటారు ఒక్కటే ఆ బాణీని మెల్లగా, ఒక్కో స్వరమూ అందిస్తున్నట్టు వాయిస్తోంది. గొంతు లేదు. మేనకోడలు, "ఇదిగో అత్తా, రికార్డింగు తప్పు ఇక్కడే," అంటోంది. నేను అప్పటికే ఊపిరి పీల్చుకున్నాను. నేను పీల్చుకోవడం కాదు, దానంతటదే గుండెల నిండా నిండింది. మగవాళ్ళు ఆపారు, వాయిద్యాలు మోగుతున్నాయి, ఇక అందుకోవాల్సింది ఆడవాళ్ళు. వాడు మర్చిపోలేదు. నాకోసం ఆగాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ టేపులో అలా ఆగే ఉన్నాడు. ఆ ఆగడం విని తప్పని తిరిగిచ్చేశారు జనం. నేనైతే వినను కూడా వినకుండా, వాడి గుమ్మంలోనే నిలబడి మర్చిపోయావా అని అడిగాను.

ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. ఆ పిల్ల కంగారుపడిపోయింది. "నీకు చెప్తాలే. వచ్చే ఆదివారం దీన్ని మీ ఇంటికి మోసుకురా, నేనూ వస్తాను," అన్నాను.

ఆ ఆదివారం బాపట్లలో బండెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి మారాను. సంచిలో పెన్నుంది, పాత శుభలేఖ కవరుంది. వేమూరు ముందు పొలాల్లో బండి ఆగింది. ఆగకపోతే ఆశ్చర్యం గాని! ఆగినంతసేపూ రాశాను, కొట్టేశాను, మళ్ళీ రాశాను. పిల్లల వ్యాసాలు దిద్దినంత తేలిక కాదు. దిగేసరికి నాలుగు లైన్లు మిగిలాయి.

తమ్ముడు వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. "ఏంటక్కా, చెప్పాపెట్టకుండా!" అని లేవబోయాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేను.

"ఒరేయ్, నేను నీ క్యాసెట్ వినలేదురా. విన్నానని అబద్ధం చెప్పాను. మొన్న నీ కూతురు వచ్చేదాకా సీలు కూడా తీయలేదు."

వాడి చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "వినలేదా?"

"లేదురా."

"అసలు వినలేదా?"

తిడతాడనుకున్నాను. తిడితే పడదామనే వచ్చాను. వాడి మొహం చూస్తే తిట్టే మొహంలా లేదు. పళ్ళెం కింద పెట్టి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు విన్నావనుకున్నానక్కా. విని కూడా, మర్చిపోయావట్రా అని అడిగావనుకున్నా. అంతా అర్థమై కూడా రానని చెప్పడానికే అలా అన్నావేమో, ఇక అక్కని అడగకూడదని అనుకున్నా. నీ పాట నువ్వు పాడుకో అన్నావు కదా. నాది పాడాను. నీది నీకు వదిలేశాను."

"నోరు తెరిచి చెప్పి చావొచ్చు కదరా!"

"నీకా? నీకు చెప్పి బతికినవాళ్ళెవరు?"

అప్పటికే మేనకోడలు టేప్‌రికార్డర్ తెచ్చి బల్ల మీద పెట్టింది. చివరి పాట దగ్గరికి తిప్పి నొక్కింది. నేను తమ్ముడి పక్కన కూర్చున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ మా తమ్ముడు మొదటి చరణం పాడాడు. పక్కన యాభై అయిదేళ్ళ మా తమ్ముడు తల వంచుకుని విన్నాడు. పాట ఆగింది. నేను లేచి నిలబడ్డాను.

పుస్తకం నేనే మూశాను
ఎవరూ మూయలేదు
తలుపు దగ్గరే ఉన్నాను
లోపలికి రాలేదు

ముప్పై ఏడేళ్ళు వాడని గొంతు ఎలా ఉంటుంది? బొంగురుపోయింది, మూడో లైను దగ్గర పూర్తిగా చీలింది. అయినా ఆపలేదు. టేపులో వాడు మూడో చరణం ఎత్తుకున్నాడు. అది అందరిదీ. కానీ మేమిద్దరం పాడలేకపోయాం, ఊరికే విన్నాం. పాట అయిపోయాక వాడు గొంతు సవరించుకున్నాడు.

"కొంచెం ముందే అందుకున్నావక్కా."

చూశారా వీణ్ణి! ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా వచ్చినదాన్ని పట్టుకుని ముందే అందుకున్నావంటాడు.

"నోర్మూసుకుని వెనక్కి తిప్పు," అన్నాను. "మళ్ళీ పాడతాను."