సినిమా విమానమూ నా పెళ్ళి సంబంధమూ

సినిమాలో విమానం కనబడితే నాకు కడుపులో తిప్పుతుంది. విమానం ఎక్కితే కొందరికి అలా అవుతుందంటారు. నాకు తెరమీద చూస్తేనే అవుతుంది, అదీ నేలమీద, బెంచీ మీద కదలకుండా కూర్చుని చూస్తే.

డెబ్బైల చివర్లో తిరుపతికి దగ్గర్లోని ఒక చిన్న విమానాశ్రయంలో నేను ఉద్యోగం చేసేవాణ్ణి. మా వైపు విమానం అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది కొండమీద గర్భగుడి పైనున్న బంగారు విమానం. అది కదలదు. బంగారం సంగతి వదిలేస్తే, ఆ కదలకపోవడంలో నాకూ దానికీ పోలిక ఉంది. జీతం విమానాల మీదే గాని నేను నేల విడిచింది లేదు. ప్రయాణికుల సామాన్లు తూచడం, టిక్కెట్లు చించడం, విమానంలో బరువు ముందుకు మొగ్గితే ఎవరో ఒక లావుపాటాయనను బతిమాలి వెనక వరసలోకి పంపడం, అందరూ ఎక్కాక నేనూ మెట్లెక్కి తలలు లెక్కపెట్టి దిగిపోవడం. ఇదీ నా వైమానిక జీవితం.

అలా రోజూ లోపలికి తొంగిచూసేవాణ్ణి కాబట్టే సినిమా విమానాలంటే నాకు అంత రోత. తెరమీది విమానంలో ఒక పెళ్ళి పందిరి వేసేంత చోటుంటుంది. కిటికీలకు కుచ్చుల పరదాలు. ప్రయాణికులంతా కోట్లలో ఉంటారు, ఏ అర్థంలో తీసుకున్నా. మా విమానంలో నేను కోటు చూసిన గుర్తు లేదు, గుండ్లే చూశాను. దర్శనం చేసుకుని తిరిగిపోయే కుటుంబం తాత నుంచి చంటిబిడ్డ దాకా నున్నగా గీయించుకుని, గంధం పూసుకుని, ఒళ్ళో లడ్ల బుట్టలు పెట్టుకుని కూర్చుంటే, వెనక నుంచి చూసినవాడికి విమానం నిండా బత్తాయిలు పేర్చినట్టుండేది. ఆ గంధం వాసన, నేతి వాసన, కొత్తగా గుండు కొట్టించుకున్న పసివాడి ఏడుపు, ఇవేవీ ఏ సినిమావాడికీ అక్కర్లేదు.

తుఫాను వస్తే సినిమాలో విమానం ఊగదు. మనుషులంతా మాట్లాడుకున్నట్టు ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ ఒరుగుతారు. పక్కన బల్లమీది పూలసీసాలో నీళ్ళు మాత్రం తొణకవు. ఒక్క పాట అయ్యేలోపు మద్రాసులో లేచి బొంబాయిలో దిగుతారు. ఆ పాటసేపట్లో మా దగ్గర ఒక అమ్మగారి ఊరగాయ జాడీ తూకం కూడా తెమిలేది కాదు. ఆవిడ మూత తీసేసి తూచమనేది, మూత బరువు తనది కాదని.

ఇదంతా రోత పుట్టించేదే గాని నష్టం చేసేది కాదని అనుకునేవాణ్ణి. నష్టం నగరిలో మొదలైంది.

మాది నేత కుటుంబం. నాకు మా మేనమామ నగరిలో ఒక సంబంధం చూశాడు. వాళ్ళూ నేతవాళ్ళే, ఇంట్లో నాలుగైదు మగ్గాలున్నవాళ్ళు. పిల్లను అంతకుముందు ఒక పెళ్ళిలో దూరం నుంచి చూశాను. ఎవరో ఏదో హాస్యమాడితే పంక్తిలో అందరూ నవ్వేశారు. ఆమె ఒక్కతే కాసేపు ఆలోచించి, అందరి నవ్వులూ అయిపోయాక తీరిగ్గా నవ్వింది. ఇంటికి వచ్చి ఇంకో సంబంధం చూడొద్దని మామకు చెప్పేశాను.

మామ ఉత్సాహం గలవాడు. నగరి నేత వీధిలో నా ఉద్యోగం గురించి అడిగితే, "మా అక్క కొడుకు చెయ్యి పడకుంటే ఇమానం లేవదు," అని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. బరువుల కాగితం మీద నేను సంతకం చెయ్యకపోతే నిజంగానే లేవదు. కాని విన్నవాళ్ళు నన్ను నేరుగా తీసుకెళ్ళి విమానం ముందు సీట్లో కూర్చోబెట్టారు. మామ అక్కణ్ణించి నన్ను దించలేదు.

అంతలో నగరిలో టూరింగ్ టాకీసుకు ఒక విమానం సినిమా వచ్చింది. ఒకరోజు మామ బస్సు దిగి నేరుగా నా గదికి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"పని చెడింది రా అబ్బోడా. పిల్ల జేజి సినిమా సూసొచ్చినాది."

"సూస్తే ఏమాయె?"

"ఆడ ఇమానమోడు తాగతాడంట. పైన పోతా పోతా ఆడోళ్ళ నడుములు పట్టుకోని ఎగరతాడంట. ఆకర్న పెండ్లాం బిడ్డల్ని ఇడిసిపెట్టి యాడనో గుట్టకి గుద్దేస్తాడంట. గాల్లో తిరిగేవోనికి మా పాపనియ్యం అని ముసిలామె మొండికేసినాది."

"నేను గాల్లో తిరిగేది యాడ మామా? నేను మూటలు తూస్తాను. ఆ మాట సెప్పు."

"ఎట్ల సెప్పేది రా? నువ్వు ఇమానం లేపతావని నా నోటితోనే సెప్పినానే. ఇప్పుడు మూటలు తూస్తాడంటే ఆ ఈదిలో నన్ను నిలబడనిస్తారా?"

ఆ సినిమా తిరుపతిలోనూ ఆడుతోంది. నా శత్రువు ముఖం చూద్దామని వెళ్ళాను. ఆ విమానం నడిపేవాడికి ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఎయిర్‌హోస్టెస్ నడుము. విమానాన్ని ఏ చేత్తో నడిపాడో నాకు ఇప్పటికీ తెలియదు. హాల్లో ఈలలు. నా పెళ్ళి గుట్టకు గుద్దుకున్నప్పుడు నా చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి సోడా తాగితే గాని ఆ వెగటు దిగలేదు.

పిల్ల తండ్రి నిదానస్థుడు. జేజి ఆయన తల్లే. ఆమె మాట కాదనడు, సినిమా మాట నమ్మడు. నగరి వైపు కొన్ని నేత కుటుంబాల్లో ఒక పద్ధతి ఉంది. పెళ్ళికొడుకును ఇంట్లో చూడరు, మగ్గం మీద చూస్తారు. ఇంట్లో అయితే ఎవడైనా తల దువ్వుకుని ఉతికిన చొక్కాతో కూర్చుంటాడు. మగ్గం దగ్గర అయితే, పోగు తెగినప్పుడు తిడతాడా, కడతాడా అన్నది తెలిసిపోతుంది. చెప్పి రారు. వచ్చి ఓ పక్క కూర్చుని చూసి పోతారు. నాకు మగ్గం లేదు కాబట్టి ఆయన, "పిల్లోడు పని జేసే తావుకే పోదాం," అని తేల్చాడు. అద్దె కారు మాట్లాడి, తల్లినీ కూతురినీ మా మామనూ ఎక్కించుకుని ఒకరోజు విమానం వచ్చే వేళకు బయల్దేరాడు. నాకు కబురు లేదు.

ఆ రోజే గేదెలు వచ్చాయి. రన్‌వే చివర కంచె ఎప్పుడు తెగిందో ఏమో, విమానం కనుచూపు మేరలోకి వచ్చేసరికి ఓ మంద తారు మీద నిలబడి నెమరేస్తోంది. వాటిని తోలడానికి జీపు ఉండేది. ఆ జీపును తోలడానికి నలుగురు మనుషులు కావలసి వచ్చేది, వెనక నుంచి. ఆ నలుగురూ తోస్తున్నారు, అది దగ్గుతోంది. మా పెద్దసారు నా వైపు చూశాడు. నేను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఒక కర్ర పట్టుకుని పరుగెత్తాను.

సినిమాలో రన్‌వే మీద పరుగెత్తేవాళ్ళ క్రాపు చెదరదు. వాళ్ళకోసం ఎవరో ఒకరు ఎదురొస్తారు కూడా. నాకు పేడ ఎదురొచ్చింది. ఒక కాలు జారి అందులోనే దిగింది. పైన విమానం ఓసారి చుట్టు తిరిగి మళ్ళీ వస్తోంది, కింద ఒక ముసలి గేదె నన్ను తీరిగ్గా పరిశీలిస్తోంది. అరుద్దామంటే ఊపిరి లేదు. మెల్లగా దాని వీపు మీద చెయ్యి వేసి, "పదమ్మా తల్లీ," అని బతిమాలుకుంటూ పక్కకు నడిపించాను. మిగతావి దాని వెంట వచ్చాయి.

మోకాళ్ళ దాకా పేడతో తిరిగి వస్తుంటే కంచె అవతల ఒక కారు, దాని పక్కన నలుగురు మనుషులు. మా మామ కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడు తెలిసింది నాకు, వాళ్ళు వచ్చింది నన్ను మగ్గం మీద చూడడానికని.

దాచుకోవడానికి వేళ లేదు. కాళ్ళు కడుక్కుని కౌంటరు దగ్గరికి పరుగెత్తాను. ఆలస్యమైందని ఎక్కేవాళ్ళంతా కోపంగా ఉన్నారు. ఒకాయన గేదెలు నావేమో అన్నట్టు మాట్లాడాడు. మూటలు తూచాను, టిక్కెట్లు చించాను, మెట్లెక్కి తలలు లెక్కపెట్టాను, దిగాను, సంతకం పెట్టాను. నా నుంచి వచ్చే వాసనకు ప్రతివాళ్ళూ ఓ అడుగు వెనక్కి వేస్తూనే ఉన్నారు. అంతసేపూ ఆ కుటుంబం గోడవార బెంచీ మీద కూర్చుని, నా చేతుల్నే చూస్తూ ఉంది.

విమానం లేచిపోయింది. హాలు ఖాళీ అయింది. పిల్ల జేజి చేతికర్ర ఊతంతో లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, నిన్ను ఇడిసిపెట్టి పోయినాదే."

"అది పోతాదవ్వా. నా పని ఈడనే."

"నువ్వు మల్లెప్పుడు పోతావు?"

మామ వెనక నుంచి చేతులు ఊపుతున్నాడు. ఆ చేతులకు అర్థం ఏమైనా కావచ్చు. నేను నిజం చెప్పేశాను.

"నేను పోనవ్వా. ఎప్పుడూ పోలేదు."

"ఒక్క తూరి గూడా?"

"ఒక్క తూరి గూడా లేదు. సూట్‌కేసులు పోతాయి, నేను పోను." మామ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

"తాగేది?"

"టీ."

"ఆ ఇమానంలో ఆడపిల్ల ఉంటాది గదా, ఆమెతో?"

"'ఎంతమంది' అని అడుగుతాది. 'ఇంతమంది' అని సెప్తాను. ఆపైన తలుపేస్తాది."

ముసలామె నన్ను కిందనుంచి పైదాకా చూసి, కొడుకు వైపు తిరిగింది.

"ఒరే, మగ్గం గుంతలో కూచున్నోడన్నా సాయంత్రానికి లేస్తాడు. ఈ పిల్లోడు అంతకన్నా కదలడు. ఇయ్యొచ్చు."

"ఎనుముల్ని గూడా ఒక్క మాట అనలేదమ్మా," అన్నాడు ఆయన. గేదెల దగ్గర నాకు ఊపిరి లేకపోవడం ఆయనకు ఓర్పుగా కనబడింది. నేను దిద్దలేదు.

మామ కళ్ళు తెరిచాడు. నాకు మాత్రం ఇంకా భయం వదల్లేదు. ఎందుకంటే పిల్ల ముఖం నేను చూశాను. బెంచీ చివర కూర్చుని బయట ఖాళీ రన్‌వే వైపు చూస్తోంది. విమానం లేపేవాడని విని వచ్చిన మనిషి. వచ్చి చూస్తే, గేదెల్ని బతిమాలేవాడు దొరికాడు.

"నువ్వేమన్నా అడగల్లంటే అడుగు పాపా," అన్నాడు తండ్రి. "ఇంటికి పోయినాక ఏడిస్తే నేనేం జెయ్యలేను."

ఆమె లేచి వచ్చి, నన్ను కాక, తూకం కాటా వైపు చూస్తూ అడిగింది.

"ఆ సినిమా మీరూ సూసినారంటనే?"

"సూసినాను."

"లోపల అంత ఇశాలంగా ఉంటాదా?"

"లేదు. నిలబడితే నా తల తగులుతాది. నేను పొడుగు గూడా కాదు."

"మరి ఆ పాటలో అంతమంది దాంట్లోనే ఎగిరినారు గదా?"

"అది ఇమానం కాదు. చెక్కలు కొట్టి కట్టిన ఇల్లు. కిందనే ఉంటాది."

ఆమె కాటాను వేలితో నొక్కి, ముల్లు ఊగడం చూసింది. పోయింది, అనుకున్నాను. ఉన్న నాకంటే లేని విమానమే బాగుందని అనుకుంటూ ఉంటుంది, ఎవరైనా అంతే. ఆ సినిమా తీసినవాళ్ళను మనసులో వరసపెట్టి తిట్టుకుంటున్నాను.

"నేను దాన్ని రొండు తూర్లు సూసినాను," అంది ఆమె చివరికి. "రొండో తూరి పోయింది కతకు కాదు. ఆ ఇమానంలో ఉండే ఆమె ఎక్కేటప్పుడు కట్టింది సన్నంచు చీర. దిగేటప్పుడు పెద్దంచు. రంగొకటే, అంచు వేరే. నడిమద్దిలో ఎట్ల మార్చుకునింది? నేనడిగితే ఇంట్లో అందురూ నగినారు. కత సూడకుండా అంచులు సూసేదేమని."

"ఇమానం గూడా మార్చుకునింది," అన్నాను.

ఆమె మొదటిసారి నా ముఖం వైపు చూసింది.

"లేచేటప్పుడు దానికి రొండు పంకాలు," అన్నాను. "మొగుల్లో పోయేటప్పుడు నాలుగు. దిగేటప్పుడు పంకాలే లేవు, అది జెట్టు. మూడు వేరే వేరే ఇమానాలు అవి. తావొకటి, తునకొకటి తెచ్చి అతికించినారు."

"అందురికీ అగుపించేటట్లేనా?"

"అందురికీ అగుపించేటట్లే."

ఆమె ముక్కు కొస ముడుచుకుంది. పై పెదవి ఓ పక్కకు లేచింది. కుళ్ళిన టమాటా మీద పొరపాటున చెయ్యి పడితే ముఖం ఎలా పెడతారో అలా. ఆ ముఖం నాకు బాగా తెలుసు. హాల్లో దీపాలు వేసినప్పుడల్లా నేను పెట్టుకుని బయటికి వచ్చే ముఖమది. అన్నాళ్ళూ దానికి లోకంలో రెండో ప్రతి లేదనుకున్నాను.

"ఛీ," అంది. "సూసేవోళ్ళను ఏమనుకున్నారు వాళ్ళు? చీర గూడా కనిపెట్టలేరనుకున్నారా?"

"ఇమానం గూడా," అన్నాను.

"ఇమానం గూడా," అని ఒప్పుకుంది.

మేమిద్దరం కాసేపు అలాగే నిలబడి, అక్కడ లేని ఎవరినో అసహ్యించుకున్నాం. అంత హాయిగా నాకు ఎప్పుడూ అనిపించలేదు. నా కాళ్ళ నుంచి ఇంకా పేడ వాసన వస్తూనే ఉంది. ఆమె ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదని అప్పుడు గమనించాను.

"ఏమంటావు పాపా?" అన్నాడు తండ్రి.

"సరేలే నాయనా," అంది ఆమె. పైట సర్దుకుని, కారు వైపు నడుస్తున్న ముసలామెను చూసి గొంతు తగ్గించింది. "పెండ్లయ్యేదాకా జేజిని మాత్రం ఇంకో సినిమాకి పంపొద్దు. మల్లీ మొదటికొస్తాది."