నిలబెట్టాల్సిన రాయి

నల్లగా కనిపించిందల్లా బొగ్గే అనుకునే రోగం నాది. కొత్తగూడెం దారిలో ఒక చిన్న బొగ్గు పరీక్షల ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు పనిచేస్తే ఎవరికైనా అంటుకునే రోగమే అది.

మా గేటు ముందు విస్తరాకులు అమ్ముకునే ముసలమ్మ ఒకరోజు పొద్దున్నే కొంగుముడి విప్పి ఒక రాయి తీసి నా బల్ల మీద పెట్టింది. పిడికిలంత ఉంది. పైన మాడిన రొట్టెలా నల్లటి పొర. భద్రాచలం అడవి అంచున వాళ్ల జొన్నచేలో పడిందట. చప్పుడు విని ఆమె మొగుడు పరుగెత్తి ఏరుకొచ్చాడు. వారం రోజులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఆ వారంలోనే జ్వరమొచ్చి పోయాడు.

"ఈ రాయే మనిషిని తిన్నదని ఊర్లె అంటుండ్రు సారూ," అంది. "సచ్చినోళ్లకు మేం రాయి నిలబెడ్తం. ఆయనకు గిదే పెడ్తనన్న. సదువుకున్నోళ్లు మంచిదే అంటెనే పెట్టనిస్తమన్నరు పెద్దమనుషులు. చూసి చెప్పు. మల్ల నాది నాకు తెచ్చియ్యాలె."

"ఆదివారం నేనే తెస్త అవ్వా," అన్నాను.

'మంచిదే' అని అక్కడికక్కడే ఒక్క మాట అంటే అయిపోయేది. పరీక్ష చేయకుండా మాట చెప్పనని నా పొగరు. మా పనిలో ఒక నియమం ఉంది. ఒక్క బొగ్గు పెళ్లను చూసి నమ్మకూడదు, మొత్తం నలిపి కలిపి అందులోంచి తీసి చూడాలి. నలిపాను. ఎండిన మట్టిలా మెత్తగా నలిగింది. ఓవెన్‌లో పెడితే తడి పోయింది. ఫర్నేస్‌లో పెడితే తారు వాసన వేసి, బరువు ఇంకా తగ్గింది. ఏమీ తేలక మిగిలిన పొడినంతా కూడా మళ్లీ మళ్లీ పెట్టాను. సాయంత్రానికి ఇటుకరంగు బూడిద మిగిలింది.

నలిపే ముందు తీసిన ఫొటోను హైదరాబాద్‌లో రాళ్ల చదువు చదివే మా అన్న బిడ్డకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"బాబాయ్, అది ఆకాశం నుంచి పడ్డది. విరిగిన కాడ గుండ్రటి గింజలు కనపడుతున్నయ్ చూడు. ఇది ఊడొచ్చిన తల్లి గ్రహశకలం ఎన్నడూ కరగలే. కరిగుంటే ఆ గింజలు మిగిలేవి కావు. లోపలి మంచు మాత్రం నీళ్లయి రాయిని బంకమట్టి చేసింది. ఆ తడి, ఆ తారు, మన భూమి ఇంకా తయారు కాకముందువి. ఏ గింజ పక్కన ఏది ఉందో చూస్తే, ఆ తల్లి ఎంత వేడెక్కిందో, ఎంత తడిసిందో చెప్పొచ్చు. నీళ్లు తగలనియ్యకు. వేడి అసలే తగలనియ్యకు. భద్రంగ ఉంది గదా?"

"నలిపిన," అన్నాను. "కాల్చిన గూడ."

ఫోన్ పెట్టేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ పూట నాకు తెలిసింది. అన్ని కోట్ల ఏళ్లు మంటకు దొరకకుండా ఉన్నదాన్ని ఒక్క పగటిలో కాల్చేశాను. సిగ్గేసింది. అయినా నన్ను నిద్ర పోనివ్వనిది ఆ తల్లి కథ కాదు, ముసలమ్మకు ఏం చెప్పాలన్నదే.

ఆదివారం ఆటోలో వెళ్లాను. ఊరి చివర చనిపోయినవాళ్ల రాళ్లు వరసగా ఉన్నాయి. ఆ వరస కొసన కొత్తగా తవ్విన గుంట. పెద్దమనుషులు నా కోసమే కూర్చుని ఉన్నారు. ఆ రాయిలో ఏ చెడూ లేదని, జ్వరానికీ దానికీ సంబంధం లేదని గట్టిగా చెప్పాను. వాళ్లు సరేనన్నట్టు తలలూపారు. ముసలమ్మ మొహం తేటపడింది. చెయ్యి చాపింది.

ఆ చేతిలో కాగితం పొట్లం పెట్టి, జరిగింది చెప్పాను. విప్పి చూసింది. గాలికి బూడిద కొంత లేచిపోతుంటే రెండో అరచెయ్యి అడ్డం పెట్టింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మంచిదే అంటివి గద సారూ," అంది. "మరి దీన్నెట్ల నిలబెట్టాలె?"